గుండ్రని పైపు మీద అల్ట్రాసోనిక్ పరీక్ష: ప్లేటు లెక్క ఎక్కడ తప్పుతుంది, దాన్ని ఎలా సరిచేసుకోవాలి

వరంగల్, హనుమకొండ, పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతాల్లో ఐటీఐ, పాలిటెక్నిక్ పూర్తి చేసి, అల్ట్రాసోనిక్ పరీక్షలో (లోహంలోకి ధ్వని పంపి, తిరిగొచ్చే ఎకోతో లోపాన్ని పట్టే పద్ధతిలో) లెవెల్ టూ సర్టిఫికెట్ తీసుకున్న యువకులు ఓవర్‌హాలింగ్ పనుల కోసం చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రానికో, రామగుండానికో, జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రానికో వెళ్తుంటారు. శిక్షణలో వారి చేతికి వచ్చేది చాలావరకు చదునైన ప్లేటు. ప్లాంటులో మాత్రం వారి ముందుండేది ఆవిరి పైపు, ఫీడ్ వాటర్ లైను, హెడర్ (అనేక ట్యూబులు కలిసే పెద్ద పైపు), బాయిలర్ ట్యూబు. ప్లేటు మీద నేర్చుకున్న లెక్కను పైపు మీద అలాగే వాడితే యంత్రం ఎలాంటి హెచ్చరికా చేయదు. స్క్రీన్ మీద ఎకో చక్కగానే కనిపిస్తుంది, దాని పక్కన లోతు కూడా అంకెల్లో కనిపిస్తుంది, కాకపోతే ఆ అంకె తప్పుగా ఉంటుంది. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో, పని మొదలుపెట్టకముందే దాన్ని కాగితం మీద ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. ప్రోబ్ (ధ్వనిని పంపి, తిరిగి అందుకునే పరికరం) పట్టుకోవడం, రేంజి సెట్ చేయడం వంటి ప్రాథమిక విషయాలు చదువరికి తెలుసుననే నమ్మకంతో రాస్తున్నాను.

ముందుగా పైపు వివరాలు

పరీక్షకు వెళ్లే ముందు పైపు బయటి వ్యాసం, గోడ మందం, లోహం రకం, వెల్డు బెవెల్ (అతికే అంచుల వాలు) ఆకారం, రూటు (వెల్డు అడుగు భాగం) దగ్గర లోపలి వైపు మెషినింగ్ జరిగిందా లేదా అన్న వివరాలు డ్రాయింగ్ నుంచి రాసుకోవాలి. అయితే డ్రాయింగ్‌లో ఉన్న మందాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అతుకులేని ఉక్కు పైపుల తయారీలో మందం సాధారణంగా 12.5 శాతం వరకు తగ్గడానికి అనుమతి ఉంటుంది, అంటే 12.7 మి.మీ. అని రాసి ఉన్న పైపు కొత్తగా ఉన్నప్పుడే 11.1 మి.మీ. మందంతో ఉండవచ్చు, అదీ నిబంధనలకు లోబడే. అందువల్ల వెల్డుకు రెండు వైపులా, చుట్టూ కనీసం నాలుగు చోట్ల, నేరు ప్రోబ్‌తో (ధ్వనిని నిటారుగా దించేదానితో) మందం కొలిచి, ఆ కొలతనే తర్వాతి లెక్కలన్నిటికీ వాడాలి. ఇదే సమయంలో, ధ్వనిని ఏటవాలుగా పంపే యాంగిల్ ప్రోబ్ కదిలే పట్టీ మొత్తాన్ని నేరు ప్రోబ్‌తో ఒకసారి తుడిచినట్టు చూసుకోవాలి. లోహంలో పొరలు విడిపోయిన చోటు ఉంటే యాంగిల్ ప్రోబ్ కిరణం అక్కడే తిరిగి వచ్చేస్తుంది, కింద ఉన్న పగులు కనిపించదు.

శుభ్రం చేయాల్సిన పట్టీ వెడల్పును కూడా ముందే లెక్కగట్టి చెప్పాలి. 12.7 మి.మీ. గోడ మీద 70 డిగ్రీల ప్రోబ్ పూర్తి స్కిప్ (కిరణం అడుగును తాకి మళ్లీ పై ఉపరితలానికి చేరే దూరం) సుమారు 70 మి.మీ. వస్తుంది, ప్రోబ్ వెనుక భాగానికి కూడా చోటు కావాలి గనుక వెల్డుకు ఒక్కో వైపు 100 మి.మీ. అడగడం మంచిది. ఇన్సులేషన్ విప్పే వారికి, గ్రైండింగ్ చేసే వారికి ఈ అంకె ముందు రోజే అందకపోతే, షట్‌డౌన్ ఒత్తిడిలో నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే శుభ్రం చేసి అప్పగిస్తారు, మిగిలింది మనం పరంజా మీద నిలబడి వైర్ బ్రష్‌తో గీక్కోవలసి వస్తుంది. పర్మిట్ చేతికి రాకుండా, లైను ఖాళీ చేసి వాల్వులకు తాళం వేశారని స్వయంగా చూసుకోకుండా పరంజా ఎక్కకూడదు. పాత ప్లాంటుల్లో ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంటుంది, ఆ విషయం అడిగి తెలుసుకున్న తరువాతే దగ్గరికి వెళ్లాలి.

ప్రోబ్ నిజంగా పైపును తాకుతోందా

బిందె మీద పలక పెడితే ఒక గీత మీద మాత్రమే ఆనుతుంది, రెండు అంచులూ గాలిలో ఉంటాయి. చదునైన ప్రోబ్ షూ (ప్రోబ్ అడుగున పైపును తాకే ప్లాస్టిక్ ముక్క) గుండ్రని పైపు మీద ఉండేది కూడా అలాగే. అంచు దగ్గర ఎంత ఖాళీ ఏర్పడుతుందో తెలుసుకోవడం తేలిక: పైపు వంపు దిశలో షూ కొలతను వర్గం చేసి, దాన్ని పైపు బయటి వ్యాసానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఖాళీ మిల్లీమీటర్లలో వస్తుంది. 16 మి.మీ. వెడల్పు ఉన్న షూను 219.1 మి.మీ. పైపు మీద అడ్డంగా పెడితే ఖాళీ 0.29 మి.మీ. మాత్రమే. అదే షూ 114.3 మి.మీ. పైపు మీద 0.56 మి.మీ., 60.3 మి.మీ. పైపు మీద 1.06 మి.మీ. ఖాళీ వదులుతుంది. వెల్డు పరీక్షకు వాడే ఐఎస్‌ఓ 17640 ప్రమాణం ఈ ఖాళీ 0.5 మి.మీ. మించకూడదని చెబుతుంది. పైపు వ్యాసం షూ కొలతకు 15 రెట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సాధారణంగా ఆ షరతు నెరవేరుతుందని కూడా అదే ప్రమాణం సూచిస్తుంది. అర మిల్లీమీటరును చిన్నదిగా భావించకండి. నీటిలో 4 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 0.37 మి.మీ. మాత్రమే, ఆ ఖాళీలో తరంగానికి పూర్తిగా ఒక ఆవృత్తి పట్టేంత చోటు ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఒక విషయం మరిచిపోతారు. ఒకే పైపు మీద, ఒకే ప్రోబ్‌తో, దిశ మారితే జవాబు మారుతుంది. చుట్టు వెల్డును (రెండు పైపులను చుట్టూ కలిపే అతుకును) పరీక్షించేటప్పుడు కిరణం పైపు పొడవు వెంట వెళ్తుంది గనుక వంపు దిశలో ఉండేది షూ వెడల్పు, అంటే 16 మి.మీ. నిలువు పగుళ్ల కోసం పైపు చుట్టూ తిప్పుతూ చూసేటప్పుడు వంపు దిశలోకి షూ పొడవు వస్తుంది. అది 30 మి.మీ. అయితే 219.1 మి.మీ. పైపు మీద ఖాళీ 1.03 మి.మీ. అవుతుంది. ఉదయం చుట్టు వెల్డుకు సరిపోయిన షూ మధ్యాహ్నం అదే పైపు మీద చుట్టూ తిప్పడానికి పనికిరాదన్న మాట.

ఖాళీ పరిమితి దాటితే షూను పైపు వంపుకు అరగదీయాలి. అదే వ్యాసం ఉన్న పైపు ముక్కకు ఎమరీ పేపరును గరుకు వైపు పైకి ఉండేలా బిగుతుగా చుట్టి, షూను దాని మీద పైపు పొడవు దిశలో ముందుకు వెనక్కు రుద్దాలి. మొదట ముతక పేపరు, చివర నున్నటి పేపరు వాడాలి. ప్రోబ్ ఒక పక్కకు ఒరిగితే కిరణం కూడా ఒరుగుతుంది. అందుకే ప్రతి పది పదిహేను రుద్దులకు ఒకసారి తీసి, అడుగు భాగంలో మెరుపు రెండు అంచుల వరకు సమానంగా వచ్చిందా లేదా అని చూడాలి. మెరుపు అంచు నుంచి అంచుకు చేరగానే ఆపేయాలి, ఇంకా రుద్దితే పెర్‌స్పెక్స్ (షూ చేసిన ప్లాస్టిక్) తగ్గి బీమ్ ఇండెక్స్ (కిరణం షూ నుంచి బయటికి వచ్చే బిందువు) జరిగిపోతుంది. క్రిస్టల్‌తో (ధ్వనిని పుట్టించే ముక్కతో) కలిసిపోయిన షూ అయితే ఆ ప్రోబ్ ఇక ఆ వ్యాసానికే అంకితమవుతుంది, కాబట్టి విడదీయగలిగే షూ ఉన్న ప్రోబ్‌లు కొనడం మంచిదని నా సలహా. అరగదీసిన ప్రతి షూ మీద ఏ వ్యాసానికి, ఏ దిశకు చేశారో చెక్కి పెట్టుకోవాలి.

ఏ కోణం ప్రోబ్ వాడాలి

చుట్టు వెల్డుకు కిరణం పైపు పొడవు వెంట వెళ్తుంది. ఆ దిశలో పైపు గోడ చదునుగానే ఉంటుంది గనుక ప్లేటు మీద నేర్చుకున్న కోణాల లెక్క సరిపోతుంది. చిక్కంతా చుట్టూ తిప్పి చూసేటప్పుడే వస్తుంది.

బావి ఒరను పైనుంచి చూస్తున్నట్టు ఊహించండి. బయటి అంచు మీద ఒక చోట దారం పట్టుకుని, ఒర మందం గుండా మధ్యకు దగ్గరగా, కొద్దిగానే ఏటవాలుగా లాగితే దారం లోపలి అంచును తాకుతుంది. బాగా ఏటవాలుగా లాగితే మాత్రం లోపలి అంచును తాకకుండానే బయటి అంచు మీద మరో చోట తేలుతుంది. పైపు గోడలో ధ్వని కిరణం కూడా ఇదే పని చేస్తుంది. లోపలి ఉపరితలాన్ని తాకని కిరణంతో లోపలి పగులును వెతకడం వృథా.

కిరణం లోపలి గోడను తాకాలంటే గోడ మందాన్ని బయటి వ్యాసంతో భాగించగా వచ్చే విలువ ఒక పరిమితి లోపల ఉండాలి. ఒకటిలోంచి ప్రోబ్ కోణం సైన్ విలువను తీసివేసి, మిగిలినదాన్ని సగం చేస్తే ఆ పరిమితి వస్తుంది. 70 డిగ్రీల ప్రోబ్‌కు ఇది 3 శాతం, 60 డిగ్రీలకు 6.7 శాతం, 45 డిగ్రీలకు 14.6 శాతం. 219.1 మి.మీ. వ్యాసం, 12.7 మి.మీ. గోడ ఉన్న పైపును తీసుకుంటే నిష్పత్తి 5.8 శాతం. 70 డిగ్రీల ప్రోబ్ దీని లోపలి గోడను చూడనే చూడదు. 60 డిగ్రీల ప్రోబ్ పరిమితి లోపలే ఉన్నా, లోపలి గోడను 78 డిగ్రీల కోణంలో, దాదాపు రాసుకుంటూ పోయినట్టు తాకుతుంది. పగులు నుంచి నమ్మదగిన ఎకో దానితో రాదు.

కిరణం లోపలి గోడను ఏ కోణంలో తాకుతుందో ఇలా లెక్కించాలి: ప్రోబ్ కోణం సైన్ విలువను బయటి వ్యాసార్ధంతో గుణించి లోపలి వ్యాసార్ధంతో భాగిస్తే, లోపలి గోడ దగ్గరి కోణం సైన్ వస్తుంది. పై పైపుకు 45 డిగ్రీల ప్రోబ్ వాడితే లోపలి గోడ దగ్గర అది 53 డిగ్రీలు అవుతుంది. నిలువుగా తెరుచుకున్న పగులు మూల నుంచి బలమైన ఎకో రావడానికి ఇది మంచి కోణం. పొరపాటున 50 డిగ్రీల ప్రోబ్ వాడితే లోపల 60 డిగ్రీలు వస్తుంది. ఆ కోణంలో వచ్చిన అడ్డు తరంగం (యాంగిల్ ప్రోబ్ ఉక్కులోకి పంపే, కణాలు కిరణానికి అడ్డంగా కంపించే తరంగం) నిలువు పగులు ముఖాన్ని 30 డిగ్రీల వద్ద తాకుతుంది. అక్కడ శక్తిలో పెద్ద భాగం నిలువు తరంగంగా (కణాలు కిరణం దిశలోనే కంపించే తరంగంగా) మారి వేరే దారిన పోతుంది గనుక ఎకో బాగా కుంగిపోతుంది. పగులు పెద్దదే అయినా స్క్రీన్ మీద చిన్నదిగా కనిపించే సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. 45 డిగ్రీల ప్రోబ్‌తో కూడా ఈ ఇబ్బంది మందం వ్యాసంలో 9.2 శాతానికి చేరినప్పుడు వస్తుంది. ఆ దరిదాపుల్లో ఉన్న మందపు పైపులకు 38 నుంచి 40 డిగ్రీల షూ తయారు చేయించుకోవాలి. ఉక్కులో అడ్డు తరంగం కోణం 33 డిగ్రీల కంటే తగ్గితే నిలువు తరంగం కూడా లోపలికి దిగి స్క్రీన్‌ను గందరగోళం చేస్తుంది, కాబట్టి 35 డిగ్రీలను చివరి హద్దుగా పెట్టుకోవాలి.

స్క్రీన్ చెప్పే లోతును సరిచేయడం

అదే 219.1 మి.మీ. పైపు మీద 45 డిగ్రీల ప్రోబ్ నుంచి లోపలి గోడ వరకు ధ్వని ప్రయాణించే దూరం 19.3 మి.మీ. ప్లేటు అయితే అది 18.0 మి.మీ. పైపు బయటి వంపు వెంట ఇండెక్స్ నుంచి పగులు పైన ఉన్న బిందువు వరకు దూరం ప్లేటు మీద 12.7 మి.మీ. వస్తే, పైపు మీద 15.5 మి.మీ. వస్తుంది. తేడా చిన్నదిగానే కనిపించవచ్చు, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక ప్లాంటులో ఇదే కొలత ఉన్న ఆవిరి పైపును చుట్టూ తిప్పి పరీక్షిస్తూ ఒక ఎకోను గమనించాను. ధ్వని దూరం 19.3 మి.మీ. యంత్రంలో చదును ఉపరితలం లెక్కే పెట్టి ఉన్నందున అది 13.7 మి.మీ. లోతు అని చూపింది. గోడ 12.7 మి.మీ. కాబట్టి కిరణం ఒకసారి అడుగును తాకి పైకి తిరిగిందని భావించి మడత లెక్క వేశాను. లోపం లోపలి గోడకు ఒక మిల్లీమీటరు పైన, లోహం మధ్యలో ఉన్నట్టు తేలింది. లోపలి ఉపరితలాన్ని తాకని చిన్న స్లాగు (వెల్డులో చిక్కుకున్న చిట్టెం) మచ్చగా రాసి, ఆమోదయోగ్యమని రిపోర్టు ఇచ్చాను. సాయంత్రం మా సీనియర్ ఆ కాగితం చూసి, పైపు దగ్గరకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, మళ్లీ కొలిచి, "తమ్మీ, నువ్వు ప్లేటును లెక్కగట్టినవ్, పైపును కాదు" అన్నారు. వంపు సవరణతో చూస్తే ఆ ఎకో సరిగ్గా లోపలి గోడ మీదికి వచ్చింది. అది స్లాగు కాదు, లోపలి వైపు తెరుచుకున్న పగులు. ఆ ముక్కను కోసి మార్చారు. ఆ రిపోర్టు అలాగే వెళ్లిపోయి ఉంటే ఏం జరిగేదన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఈ రోజుల్లో యంత్రాల్లో వంపు సవరణ సౌకర్యం చాలావరకు ఉంటోంది. బయటి వ్యాసం, మందం నమోదు చేస్తే లోతును అదే సరిచేసి చూపుతుంది. అయినా దాన్ని గుడ్డిగా నమ్మవద్దు. చుట్టు వెల్డు పరీక్షలో ఆ సౌకర్యం ఆపివేసి ఉండాలి, చుట్టూ తిప్పేటప్పుడు వేసి ఉండాలి. ఈ మార్పును మరిచిపోవడం చాలా సులభం. అందుకని ప్రతి పైపుకు ముందు ఒక చిన్న కాగితం మీద లోపలి గోడ వరకు ధ్వని దూరం, ఉపరితలం మీద దూరం, ఈ రెండు అంకెలనూ చేత్తో లెక్కించి రాసుకుని, యంత్రం చూపే విలువతో పోల్చండి. ధ్వని దూరం లెక్క కష్టమైనది కాదు: బయటి వ్యాసార్ధాన్ని ప్రోబ్ కోణం కొసైన్‌తో గుణించి, అందులోంచి లోపలి వ్యాసార్ధాన్ని లోపలి కోణం కొసైన్‌తో గుణించగా వచ్చినదాన్ని తీసివేయాలి. ఉపరితలం మీద దూరానికి లోపలి కోణంలోంచి ప్రోబ్ కోణాన్ని తీసివేసి, మిగిలిన డిగ్రీలను రేడియన్లలోకి మార్చి బయటి వ్యాసార్ధంతో గుణించాలి. మొబైల్ ఫోన్‌లో ఉండే కాలిక్యులేటరు ఇందుకు చాలు.

రిఫరెన్స్ బ్లాకు

యంత్రాన్ని సరిచూసుకునే ప్రామాణిక ఉక్కు దిమ్మెలైన వి వన్, వి టూ బ్లాకులు చదునైనవి. అరగదీసిన షూ వాటి మీద సరిగ్గా కూర్చోదు. కాబట్టి రేంజి, ఇండెక్స్, కోణం షూను అరగదీయకముందు ఒకసారి వి టూ మీద చూసి రాసుకుని, అరగదీసిన తరువాత అదే వ్యాసం పైపు ముక్కతో చేసిన బ్లాకు మీద మళ్లీ చూడాలి. బ్లాకు తయారీకి ప్లాంటు స్టోర్లో మిగిలిన అదే హీటు (ఒకే విడతలో కరిగించిన లోహం) పైపు ముక్క దొరికితే అంతకంటే మంచిది లేదు. గోడ మందంలో నాలుగో వంతు, సగం, మూడు వంతుల లోతుల్లో పక్క రంధ్రాలు, లోపలా బయటా సన్నని గాళ్లు వేయించాలి. చుట్టూ తిప్పే పరీక్షకు గాళ్లు పైపు పొడవు దిశలో, చుట్టు వెల్డు పరీక్షకు అడ్డంగా ఉండాలి. ఒకే ముక్క మీద రెండు రకాలూ వేయించుకుంటే మోసుకెళ్లే బరువు తగ్గుతుంది.

వంపు ఉన్న బ్లాకు ఎందుకు తప్పనిసరి అన్నదానికి భౌతిక కారణం ఉంది. పెర్‌స్పెక్స్‌లో ధ్వని వేగం సెకనుకు 2730 మీటర్లు, ఉక్కులో అడ్డు తరంగం వేగం 3230 మీటర్లు. గుండ్రని ఉపరితలం గుండా వేగం తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటుకు వెళ్లేటప్పుడు కిరణం విచ్చుకుంటుంది. అందువల్ల అదే లోపం ప్లేటులో ఇచ్చేంత ఎత్తు ఎకోను పైపులో ఇవ్వదు. చదును బ్లాకు మీద గీసిన డీఏసీ గీతతో (దూరాన్ని బట్టి ఎకో ఎత్తు ఎంత ఉండాలో చూపే గీతతో) చిన్న పైపును తూచితే లోపాలను తక్కువగా అంచనా వేస్తాం. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘమైన ఆస్మే నియమావళి అయిదో విభాగం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: వ్యాసం 500 మి.మీ. మించితే చదును బ్లాకు వాడవచ్చు, అంతకంటే తక్కువైతే వంపు బ్లాకు ఉండాలి. ఒక బ్లాకు తన వ్యాసానికి 0.9 రెట్ల నుంచి 1.5 రెట్ల వరకు ఉన్న పైపులకు పనికివస్తుంది. 219.1 మి.మీ. బ్లాకు ఉంటే 197 నుంచి 329 మి.మీ. వరకు పైపులన్నీ దాని కిందికి వస్తాయన్న మాట. మీటరు దాటిన ఎత్తిపోతల పైపులైన్ల మీద పనిచేసేవారికి ఈ బాధ లేదు, 1500 మి.మీ. పైపు మీద 16 మి.మీ. షూ కింద ఖాళీ 0.04 మి.మీ. మాత్రమే.

మన ఎండలో వచ్చే తేడా

రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరికి చేరుతుంది, ఎండలో ఉన్న ఉక్కు ఇంకా వేడెక్కుతుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల వద్ద కాలిబ్రేషన్ చేసుకుని, అరగంట తరువాత బయట ఆ వేడి పైపు మీద ప్రోబ్ పెడితే షూ కూడా వేడెక్కి పెర్‌స్పెక్స్‌లో ధ్వని వేగం తగ్గుతుంది, దాంతో ఉక్కులోకి వెళ్లే కోణం పెరుగుతుంది. 70 డిగ్రీల ప్రోబ్‌లో ఈ జరుగుబాటు ఎక్కువ. కాలిబ్రేషన్ బ్లాకుకూ పరీక్షించే ఉపరితలానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా 14 డిగ్రీల సెల్సియస్ మించకూడదని ఆస్మే చెబుతుంది. దీనికి సులువైన మార్గం బ్లాకును పని చేసే చోటుకే తీసుకెళ్లి, పైపు పక్కన అరగంట ఉంచి, అక్కడే కాలిబ్రేషన్ చేయడం. వీలైతే పనిని తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా ముగించండి, అది మనిషి ఒంటికీ మంచిదే.

కప్లెంట్ (ప్రోబ్‌కూ లోహానికీ మధ్య పూసే ద్రవం) విషయంలో కూడా పైపుకు ప్లేటుకు తేడా ఉంది. నీరు, పలచటి నూనె గుండ్రని పైపు పక్కల మీద నిలవవు, జారిపోతాయి. పైపు కింది సగం పరీక్షించేటప్పుడు గ్రీజు గానీ, సెల్యులోజ్ పొడిని నీటిలో కలిపి చేసిన చిక్కటి జెల్ గానీ వాడాలి. బ్లాకు మీద ఏది వాడారో పైపు మీద అదే వాడాలి.

వెతకడం, ఎకోను గుర్తించడం

వెతికేటప్పుడు రిఫరెన్స్ కంటే కనీసం 6 డెసిబెల్ ఎక్కువ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) ఉంచి, సెకనుకు 150 మి.మీ. మించని వేగంతో, ఒక్కో వరుస ముందటి వరుసను క్రిస్టల్ వెడల్పులో కనీసం పదో వంతు కప్పేలా కదపాలి. పైపు మీద చేయి సహజంగానే ఒరుగుతుంది. అరగదీసిన షూ ఒరిగినప్పుడు లోపలి గోడ గరుకుదనం నుంచి వచ్చే సన్నటి గడ్డిలాంటి సంకేతం పడిపోతుంది. ఆ గడ్డి కనిపిస్తున్నంత సేపూ ప్రోబ్ ఆనుకునే ఉందని గుర్తుగా పెట్టుకోండి.

లోపం కాని ఎకోలు పైపులో ఎక్కువ. లోపలి గోడను తాకని కిరణం బయటి వంపు మీద తేలి, అక్కడ పడి ఉన్న గ్రీజు ముద్ద నుంచి తిరిగి వస్తుంది. ఎకో కనిపించగానే కప్లెంట్ పూసిన వేలితో కిరణం తేలే చోట పైపు మీద నొక్కి చూడండి. వేలు తగిలినప్పుడల్లా ఎకో ఊగితే అది బయటి ఉపరితలం నుంచే వస్తోంది. చుట్టు వెల్డులో రూటు లోపలికి పొంగిన భాగం, పైపు అంచును లోపల నుంచి చెక్కిన కౌంటర్‌బోర్ మెట్టు కూడా గట్టి ఎకోలు ఇస్తాయి. రూటు ఎకోను వెల్డుకు రెండు వైపుల నుంచీ గుర్తు పెట్టుకుని చూడాలి. రూటు పొంగు అయితే రెండు వైపుల నుంచి కొలిచిన స్థానాలు వెల్డు మధ్యగీతను దాటి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. రూటు పక్కన పగులు అయితే అది ఉన్న వైపునే స్థానం పడుతుంది. అనుమానం తీరేవరకు ఆ రెండు స్థానాలనూ పైపు మీద సుద్దతో గీసి, వెల్డు అడ్డుకోతను అసలు కొలతలో కాగితం మీద వేసి చూడటమే నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి.

లోపం పొడవును చుట్టు దిశలో 6 డెసిబెల్ పడిపోయే పద్ధతిలో (ఎకో ఎత్తు సగానికి తగ్గే చోట్లను అంచులుగా తీసుకుని) కొలిచినప్పుడు, మీకు వచ్చేది బయటి వంపు మీది పొడవు. లోపం లోపలి గోడ దగ్గర ఉంటే అసలు పొడవు దాని కంటే తక్కువ. లోపలి వ్యాసాన్ని బయటి వ్యాసంతో భాగించి ఆ కొలతను గుణించాలి. ఆమోదం, తిరస్కారం విషయంలో ఆ పనికి వర్తించే కోడ్‌దే తుది మాట. విద్యుత్ కేంద్రాల పైపులకు వాడే ఆస్మే బి 31.1 ప్రకారం పగులు, కలవని వెల్డు, రూటు అందకపోవడం ఎంత పొడవున్నా తిరస్కారమే. మిగిలినవి రిఫరెన్స్ స్థాయి దాటి, 19 మి.మీ. వరకు మందం ఉన్న గోడలో 6 మి.మీ. కంటే, 19 నుంచి 57 మి.మీ. మందం వరకు మందంలో మూడో వంతు కంటే, ఆపైన 19 మి.మీ. కంటే పొడవుగా ఉంటే తిరస్కరించాలి. బాయిలరు పరిధిలోకి వచ్చే భాగాలకు ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ 1950 వర్తిస్తాయి.

వంకరల మీద, ట్యూబుల మీద మందం కొలవడం

పైపు తిరిగే వంకరలో బయటి వీపు తయారీలోనే పలచబడుతుంది, తరువాత ప్రవాహం కూడా లోపలి నుంచి దాన్ని అరగదీస్తుంది. కార్బన్ ఉక్కు ఫీడ్ వాటర్ లైన్లలో వేడి నీటి ప్రవాహమే రక్షక పొరను కరిగిస్తూ గోడను సన్నబరుస్తుంది. జపాన్‌లోని మిహామా అణు విద్యుత్ కేంద్రంలో 2004 ఆగస్టు 9న ఇలా సన్నబడిన పైపు పగిలి అయిదుగురు కార్మికులు మరణించారు. అది పగిలింది వంకరలో కాదు, ప్రవాహాన్ని కొలిచే ఆరిఫిస్ తరువాతి నేరు పైపులో. 10 మి.మీ. ఉండాల్సిన గోడ కొన్ని చోట్ల 1.5 మి.మీ. కంటే తక్కువకు చేరింది. ఆ చోటు తనిఖీ జాబితాలోనే లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోయింది. కాబట్టి వంకరలతో పాటు ఆరిఫిస్, కంట్రోల్ వాల్వు, రెడ్యూసర్ తరువాతి నేరు పైపులను కూడా మీ జాబితాలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే రాతపూర్వకంగా అడగండి.

చుట్టుకొలతను 12 భాగాలు చేసి గళ్లు గీయడం మంచి అలవాటు, 219.1 మి.మీ. పైపుకు గడి సుమారు 57 మి.మీ. వస్తుంది. ప్రవాహం వచ్చే దిశకు ముఖం పెట్టి, గడియారం అంకెల్లా గుర్తులు వేసి, ప్రతి గడి మూలలోనే కాక గడి లోపల కూడా ప్రోబ్‌ను జరిపి అతి తక్కువ విలువ రాయాలి. జంట క్రిస్టల్ ప్రోబ్ మధ్యలో కనిపించే అడ్డుగీత పైపు పొడవుకు అడ్డంగా ఉండాలి. ముఖ్యంగా 51 మి.మీ. వంటి బాయిలర్ ట్యూబుల మీద ఆ గీత పొడవు వెంట పెడితే రెండు క్రిస్టళ్లూ వంపుకు చెరో పక్కన పడి, కొలత నమ్మదగినదిగా ఉండదు. ప్రోబ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ ఊపి, స్థిరంగా వచ్చిన కనిష్ఠ విలువను తీసుకోవాలి. మన ప్రాంతపు బొగ్గులో బూడిద ఎక్కువ గనుక ఎకనమైజర్ ట్యూబులు పొగ ఎదురుగా వచ్చే వైపున, వంకరల దగ్గర ఒకే చోట చదునుగా అరుగుతాయి. చేతితో తడిమితే ఆ చదును తెలుస్తుంది, ముందు అక్కడే కొలవండి.

పెయింటు మీద నుంచి కొలిస్తే దాని మందానికి సుమారు రెండున్నర రెట్లు కొలతలో కలుస్తుంది, 0.3 మి.మీ. పెయింటు గోడను అసలు కంటే సుమారు 0.75 మి.మీ. ఎక్కువ మందంగా చూపుతుంది. పెయింటు తీయలేకపోతే వరుసగా వచ్చే రెండు వెనుక గోడ ఎకోల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతికి మారాలి. వేడి పైపు మీద ఉక్కులో ధ్వని వేగం 55 డిగ్రీలకు ఒక శాతం చొప్పున తగ్గుతుంది, అందువల్ల చల్లని బ్లాకుతో కాలిబ్రేట్ చేసిన యంత్రం వేడి గోడను అసలు కంటే మందంగా చూపుతుంది.

రిపోర్టులో పైపు వ్యాసం, కొలిచిన మందం, ప్రోబ్ కోణం, షూను ఏ వ్యాసానికి అరగదీశారు, వంపు సవరణ వేశారా లేదా, బ్లాకు ఉష్ణోగ్రత, పైపు ఉష్ణోగ్రత తప్పక ఉండాలి. లోపాల స్థానాన్ని "ఎడమ వైపు", "పై భాగం" అని రాయవద్దు. ప్రవాహ దిశను బాణంతో, సున్నా బిందువును చెరగని గుర్తుతో పైపు మీద వేసి, అక్కడి నుంచి సవ్య దిశలో మిల్లీమీటర్లలో రాయండి. గట్టి పంచ్ గుర్తు వేయడానికి ఇంజినీరు అనుమతి లేకపోతే వేడిని తట్టుకునే పెయింటు వాడి, దగ్గరలోని సపోర్టు నంబరు నుంచి దూరాన్ని కూడా చేర్చండి. రెండేళ్ల తరువాత వచ్చే ఓవర్‌హాలింగ్‌లో ఇన్సులేషన్ విప్పి చూసే మనిషి వేరొకరై ఉండవచ్చు, ఆ మనిషి మీ కొలత పక్కన తన కొలతను పెట్టి చూడాలంటే అదే బిందువు మీద ప్రోబ్ పెట్టగలగాలి.